మిరుగం నాటి చేపా, మా ఊరి పేరూ

2003 జూన్ 8, ఆదివారం, మృగశిర కార్తె మొదలైన మిరుగం నాడు, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నాకు కాబోయే మామగారు మా ఇంటి ముందు ఆటో దిగారు. ‘కాబోయే’ అన్న మాటను అప్పటికి నేనొక్కడినే వాడుతున్నాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో మనిషికి ముందు ఊరు, తరువాత ఇంటిపేరు, ఆ పైనే ఉద్యోగం. ఇప్పుడైతే ఫోనులో ఒక చుక్కను పంపిస్తే ఎంత మారుమూలనున్న ఇల్లయినా దొరుకుతుంది. అప్పటికి చుక్కలు ఆకాశంలోనే ఉండేవి. ‘మీదే ఊరు?’ అన్న ప్రశ్నకు తడుముకునేవాడికి పిల్లనిచ్చే మాట అటుంచి, కిరాణా కొట్టులో ఉద్దెర కూడా పుట్టేది కాదు. నాకు ఇరవై అయిదేళ్ళు. మేడ్చల్ దగ్గర మందుల డబ్బాలు తయారుచేసే కర్మాగారంలో స్టోర్సు గుమాస్తా ఉద్యోగం, మా బాపు పోతూ పోతూ కట్టి ఇచ్చిన రెండు గదుల ఇల్లు, నన్ను చూసి లోకమంతా ఈర్ష్యపడుతోందని నమ్మే తల్లి, ఇన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఊరి పేరు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు వెళ్ళే దారిలో, ఆ రెంటిలో దేనికీ చెందని ఒక ఎర్రమట్టి దిబ్బ మీద అప్పటికి లేచినవి పదమూడు ఇళ్ళు. ఎగువన ఆరిళ్ళు రావల్కోల్ నుంచి వచ్చిన రైతులవి. దిగువన ఆరిళ్ళు శామీర్‌పేట పెద్ద చెరువులో చేపలు పట్టి బతికే వారివి. నడుమ ఉన్న పదమూడోది మాది. మేము ఎటూ కాము. రెండు వైపుల వారూ తమ తమ పాత ఊరి పేరే ఈ దిబ్బకు సగమైనా రావాలని పట్టుబట్టారు. ఎగువ వారు ‘రావల్‌పేట’ అన్నారు, దిగువ వారు ‘శామీర్‌కోల్’ అన్నారు. రెండింటిలోనూ రెండు ఊళ్ళూ ఉన్నాయి కదా అని మీరంటారు, నేనూ అన్నాను. సమస్య ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది. ఆరుకు ఆరు సమానం కనుక మా ఇంటి మాటే నిర్ణయం. ఆ మాట నేను ఏడాదిగా మింగుతూ వచ్చాను. (ఎగువ బావి నుంచి మాకు నీళ్ళు వచ్చేవి, దిగువ నుంచి ఆదివారం ఆదివారం చేపలు వచ్చేవి. న్యాయం చెప్పాలంటే ముందు దాహమైనా, ఆకలైనా లేకుండా ఉండాలి.)

ఈ మింగుడు నా మెడకే చుట్టుకున్నది రెండు వారాల ముందు, సూరారంలో పెళ్ళిచూపుల నాడు. మామగారు అక్కడ ఇనుప బీరువాలు చేసే కార్ఖానాలో మేస్త్రీ. కొలత తప్పిన మాట కూడా సహించే మనిషి కాడు. పిల్ల టీ కప్పులు పెట్టి లోపలికి వెళ్ళింది. ఆమె ముఖం సరిగా చూశానో లేదో గాని, టీలో చక్కెర సరిపోయిందని మాత్రం ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. అప్పుడు ఆయన అడిగారు.

“మీదే ఊరు బిడ్డా?”

నేను మా ప్లాట్ల సర్వే నంబరు చెప్పాను. నిజం అదే కనుక.

ఆయన కప్పు కింద పెట్టారు. “నంబరేంది? నా బిడ్డను నంబరుకియ్యాల్నా? జైల్ల గూడ నంబరే ఉంటది.”

“పేరు ఇంకా నిర్ణయం కాలేదండీ. చర్చలు జరుగుతున్నాయి.”

“సూడు బిడ్డా. నువ్వు మంచిగనే ఉన్నవ్, కొలువు మంచిగనే ఉన్నది. గని రేపు లగ్గం కార్డు మీద ఏం రాపియ్యాలె? ఊరూ పేరూ లేనోనికిచ్చిండని మా సుట్టాలు నవ్వరా? మిరుగం నాడు మీ ఇంటికొస్త. ఆ దినానికి పేరుంటే తాంబూలాలు వట్టుకుందం. లేకుంటే ఇంకో సంబంధం ఉన్నది, పేరున్న ఊరు.”

లోపలి గదిలోంచి అప్పుడు ఒక గొంతు, నెమ్మదిగా గాని స్పష్టంగా, “ఊరు లేకుంటే ఏమాయె నాయినా, మనిషున్నడు గద” అన్నది. నేను అంతవరకు ఆ సంబంధాన్ని మంచి సంబంధం అనుకున్నాను. ఆ మాటతో అది తప్ప మరొకటి లేదనుకున్నాను.

తరువాతి రెండు వారాల్లో నేను పడిన శ్రమ గుమాస్తా శ్రమ. ఎవరూ ముందూ వెనుకా కాకుండా, రెండు ఊళ్ళ పేర్లలోని అక్షరాలను ఒకటి విడిచి ఒకటి అల్లితే సరిపోతుందని తోచింది. లెక్క ప్రకారం అంతకన్నా న్యాయం లేదు. ఒక సాయంత్రం అందరినీ మా వాకిట్లో కూర్చోబెట్టి, గొంతు సవరించుకొని, “రాశావమీల్” అని చదివాను. ఎగువ ఇళ్ళకు పెద్దయిన రావల్కోల్ కాక వెంటనే అడిగాడు.

“ఏం బిడ్డా, గిది ఊరు పేరా, తేలు మంత్రమా?”

“గా పేరు వెడితే బస్సు ఆగదు కాకా, ఉరుకుతది” అని దిగువ వారిలో ఎవరో అందుకున్నారు. ఆ దిబ్బ మీద ఎగువా దిగువా కలిసి నవ్వడం నేను అదే మొదటిసారి వినడం. నవ్వు అయిపోగానే ఎవరి అరుగుల మీదికి వారు వెళ్ళారు. పేరు మాత్రం రాలేదు.

ఇక మిరుగం నాటికి వద్దాం. మృగశిర కార్తె ప్రవేశించిన ఆ రోజు మా వైపు చేప తినని ఇల్లుండదు. వచ్చిన చుట్టానికి చేప పెట్టకపోవడం, మొహం మీద తలుపు వేయడం ఒకటే. దిగువ ఇళ్ళకు పెద్దదిక్కు చేపల పెద్దమ్మ. తెల్లవారకముందే పెద్ద చెరువు నుంచి నా చేయంత పొడవున్న బొచ్చె చేపను తెప్పించి, మా పెరట్లోనే రాళ్ళ పొయ్యి పెట్టి పులుసు కాచింది. ఎగువ నుంచి కాక కొత్త బియ్యం పంపి, వెనుకే తానూ వచ్చాడు. నా పెళ్ళి కావాలని ఇద్దరికీ ఉంది. రెండోవారి ఊరు తమ ఊరికన్నా ముందు ఉండకూడదని కూడా ఇద్దరికీ ఉంది. ఈ రెండు కోరికలూ ఒకే మనిషి మనసులో పక్కపక్కనే హాయిగా ఎలా నిద్రపోతాయో నాకు నేటికీ ఆశ్చర్యమే.

విస్తళ్ళు వేశారు. మామగారు కూర్చొని, అన్నం కలపబోతూ, “ఏంది మరి? పేరు వెట్టిన్రా?” అన్నారు.

“పెట్టినం బావా. రావల్‌పేట” అన్నాడు కాక.

పెద్దమ్మ గంటె అలాగే పట్టుకొని తిరిగింది. “ఎవలు వెట్టిన్రు? శామీర్‌కోల్ అన్నా, శామీర్‌కోల్. గాయినకు చెవులు వినరావు.”

“వదినా, సుట్టం ముందల లొల్లి వద్దు.”

“లొల్లి నేను చేస్తున్ననా? తలకాయ నువ్వు వెట్టుకొని తోక మాకేస్తివి. తలకాయ కోసమే వచ్చినవా మరిదీ, గింత దూరం?”

“మేం ముందలొచ్చినం గీడికి.”

“ముందలొచ్చినోడు నీళ్ళు తోడాలె. పేరు వెట్టాల్నని ఎవలన్నరు?”

మామగారి చేయి విస్తరి మీద ఆగిపోయింది. ఒక్క మెతుకు నోట్లోకి వెళ్ళలేదు. ఆయన నన్ను చూశారు. నేను సర్వే నంబరు చెప్పిన నాటి చూపే అది. “ఇగ నేను పోయొస్తనమ్మా” అంటూ మోకాలి మీద చేయి ఆన్చారు. అమ్మ, “అన్నం మీదికెల్లి లేస్తరా అన్నా, మిరుగం పూట” అని దారికి అడ్డంగా నిలబడింది. సూరారంలో లోపలి గదిలోంచి విన్న ఆ ఒక్క మాట ఇక జన్మలో మళ్ళీ వినబోనని తెలిసింది.

పెద్దమ్మ అలవాటు ఏమంటే, జగడం నోటితోనే, వడ్డన చేతితోనే. ఒకదాని కోసం ఇంకొకటి ఆగదు. కాకతో మాట్లాడుతూనే కుండలోంచి బొచ్చె తలకాయను ఎత్తి, లేవబోతున్న మామగారి విస్తట్లో వేసింది. తలకాయ వేశాక లేచిపోతే చేపకే కాదు, దాన్ని పట్టిన వారికీ అవమానం. ఆయన మళ్ళీ కూర్చోక తప్పలేదు.

కాక దాన్ని చూశాడు. మా దిబ్బ మీద ఎవరి ఇంట పులుసు కాచినా పెద్దమనిషిగా తలకాయ ఆయనకే పడేది. “నాకు వెయ్యవా?”

“ఇంటికొచ్చిన సుట్టముండంగ నీకెట్లేస్త? తలకాయ సుట్టానిదే.”

కాకకు రోషం వచ్చింది. “మస్తు జెప్పినవ్. అట్లయితే ఊరి పేరుల గూడ తలకాయ సుట్టానికే వెయ్యి.”

“ఎందుకెయ్య? వేస్త. నీకు వొయ్యేదానికన్న నయం గాదా? అన్నా, మీది సూరారమే గద?”

మామగారు జవాబు చెప్పలేకపోయారు. బొచ్చె తలకాయ తినడం అంటే మాటలాడుతూ చేయగల పని కాదు; చెంప ఎముక పళ్ళ నడుమ ఉంది. ఆయన తల మాత్రం ఊపారు. అది పేరుకు ఒప్పుకోలో, పులుసుకు మెప్పో ఈనాటికీ తేలలేదు. ఆ క్షణాన నా నోటి నుంచి, రెండు వారాలు కూడికలూ తీసివేతలూ చేసినా రాని మాట, నా ప్రమేయం లేకుండానే వచ్చింది.

“సూరావల్‌పేట.”

పొయ్యిలో కట్టె చిటపటమనడం వినిపించింది. సూరారం ఎక్కడ ఆగిందో, రావల్కోల్ ఎక్కడ మొదలైందో అతుకు కనబడలేదు. శామీర్‌పేట చివర వచ్చి పట్టుకుంటే గాని అది నిలబడేది కాదు. ఊళ్ళ పేర్లు గుట్టల్లాగా, వాగుల్లాగా మనకన్న ముందే ఉంటాయని నేను అంతవరకు నమ్మేవాడిని. ఒకటి నా కళ్ళ ముందు, ఎంగిలి చేతుల నడుమ పుట్టింది.

ముందుగా తేరుకున్నది కాక. “నడిమి ముక్క మాకొచ్చింది. ముల్లు తక్కువ, కండెక్కువ. మంచిగున్నది.” ఆ మాట పెద్దమ్మను గుచ్చడానికే అన్నాడు. ఆమె గంటెలో పులుసు వంక చూసి కొంచెం ఆలోచించింది. “తోక మాకే వడ్డది. పడనియ్యి. తోక లేకుంటే చేప ఈదుతదా?” అని కాక విస్తట్లో నడిమి ముక్క వేసింది.

అప్పటికి మామగారు తలకాయ పూర్తి చేసి, ఎముకలు వరుసగా విస్తరి అంచున పేర్చి, నీళ్ళు తాగారు. “నా ఊరిని ఉత్తగనే తీసుకున్నరు గద?”

“ఉత్తగెందుకన్నా, బిడ్డను గూడ అడుగుతున్నం” అన్నది పెద్దమ్మ.

ఆయన నవ్వలేదు. కొత్త బీరువా తలుపు సరిగా పడుతుందో లేదో వేసి చూసుకున్నట్లు, ఆ పేరును లోలోపల రెండు సార్లు అనుకున్నారు. “సూరావల్‌పేట. పాత ఊరు లెక్కనే ఉన్నది” అన్నారు. అమ్మ తాంబూలం పళ్ళెం కోసం లోపలికి పరుగెత్తింది.

లగ్నపత్రిక మీద ఆ పేరు అచ్చయినప్పుడు నాకు సంతోషమే గాని ఆశ్చర్యం కలగలేదు. అచ్చు వేయించింది మేమే కదా. ఆశ్చర్యం పెళ్ళయిన తరువాత మేడ్చల్ చౌరస్తాలో కలిగింది. ఎన్నడూ చూడని ఒక ఆటో అబ్బాయి, “సూరావల్‌పేట, సూరావల్‌పేట, ఇంకొక్కలే” అని అరుస్తున్నాడు. మేము అతనికి చెప్పలేదు. ఎవరు చెప్పారో అతనికీ తెలియదు. కొత్త పెళ్ళికూతురు నా చేయి పట్టుకొని, “మనదేనా?” అన్నది. ఇద్దరం ఎక్కవలసిన ఆటోను ఎక్కకుండా, అతను ఆ పేరును ఇంకా ఎన్నిసార్లు అరుస్తాడో వింటూ నిలబడ్డాం.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. దిబ్బ మీద ఇప్పుడు ఇళ్ళు లెక్కపెట్టడం నావంటివాడి వల్ల కూడా కాదు. మొన్న మా వీధి చివర టీ కొట్టు దగ్గర, కొత్తగా అద్దెకు దిగిన ఒక కుర్రవాడు ఫోను ఎదురుగా పెట్టుకొని వీడియో కోసం మాట్లాడుతున్నాడు. మా ఊరిని పూర్వం సూరావలి అనే రాజు ఏలాడట. శత్రువుల నుంచి పారిపోయి వచ్చి, ఈ దిబ్బ మీద పేట కట్టించాడట. నేను ఎవరైనా తేదీ తప్పు చెబితే పెళ్ళిపందిట్లో కూడా సరిదిద్దే మనిషిని. మా ఆవిడ సాక్ష్యం. దగ్గరికి వెళ్ళి, “ఆ రాజు ఏ కాలం వాడు నాయనా?” అని అడిగాను.

“ఏడు వందల ఏండ్లయితదంకుల్. మీరు గీడ పాతోళ్ళు గద, మీకు ఎర్కలేదా?”

నోరు తెరిచాను. పక్కనే ఉన్న మా ఆవిడ నా ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “చిన్నప్పుడు ఎవరో చెప్పగా విన్నట్టే ఉంది” అన్నాను. అబద్ధం చెప్పి అంత గౌరవంగా నిలబడడం నా జీవితంలో అదొక్కసారే. ఎర్కలేని ఆ ఇరవై అయిదేళ్ళ గుమాస్తా, అక్షరాలు ఒకటి విడిచి ఒకటి అల్లుకుంటూ, నాలోపల ఎక్కడో తల పైకెత్తి చూశాడు.

ఇక లెక్క. పోయినవి: సూరారంలోని చివరి అక్షరాలు, రావల్కోల్‌లోని కోల్, శామీర్‌పేటలోని శామీర్. మనుషుల్లో అమ్మ, మామగారు, కాక, పెద్దమ్మ. మిగిలినవి: నేను, మా ఆవిడ, ఏటా మిరుగం నాడు ఒక బొచ్చె. కొత్తగా చేరినది: ఒక రాజు.