కోటవారి ముఖం

మా అత్త లాడ్జి దుప్పట్లు ఉతుకుతుంది. పెరట్లో నిలబడితే కొండ కనిపిస్తుంది. పైన కోట ఉందంటారు గానీ, మిగిలింది ఒక బురుజు, సగం గుమ్మం, బోలెడంత ముళ్లకంప. ఎనిమిది వందల ఏళ్ల కిందట కట్టారట. శత్రువులు పడగొట్టలేని దాన్ని వానలు పడగొట్టాయి. దొర్లిపడ్డ రాళ్లతో మా వీధి వీధంతా గోడలు కట్టుకుంది.

ఒక్క రాయీ ముట్టనివాడు అత్తవాళ్ల నాన్న. పట్టుకుపోయింది మాత్రం ఆయన్నే. కొండ హక్కుదారు అయిన పెద్దాయనకి ఎదురు మాట్లాడాడు, అదీ అసలు నేరం. రాళ్ల దొంగని చేసి జైల్లో వేయించారు. నెల తిరక్కుండా శవం ఇంటికొచ్చింది.

అత్తకి అప్పటికింకా పెళ్లి కాలేదు. "దొంగ కూతురన్నారుగా, ఆ పేరెందుకు వృథా పోవాలి" అనుకుని తోపుడుబండితో కొండెక్కింది. కోట కట్టించిన, ఆ పెద్దాయన వంశ మూలపురుషుడి ముఖం చెక్కిన గుమ్మం రాయిని దించుకొచ్చి, ముఖం పైకి పెట్టి బట్టలుతికే బండ చేసుకుంది. నేను కోడలిగా వచ్చిన కొత్తల్లో దాన్ని చూపించి, "దీని మీద జాలిపడకు. గట్టిగా బాదు" అంది. మా అత్తది పాము పగ. నాకు ఆవిడంటే అందుకే ఇష్టం.

ఈమధ్య పెద్దాయన కొడుకు గుమ్మం మళ్లీ కట్టిస్తూ ఆ రాయి కోసం ఊరంతా గాలించాడు. ముత్తాతల ముఖం లేని గుమ్మం ఆయనకి తలవంపులట. తన దగ్గరుందని అత్తే కబురంపింది.

ఆయన కారు దిగీ దిగగానే అడిగాడు. "ఏం కావాలో చెప్పండమ్మా."

"మా నాన్న దొంగ కాదని చెప్పు. ఇక్కడ కాదు, వీధిలో నిలబడి."

"ఎప్పటి సంగతో ఇప్పుడెందుకండీ?"

"నీ రాయి నిన్నటిదా?"

ఆయన వీధిలోకి నడిచాడు. ఇంటింటా తలుపులు తెరుచుకున్నాయి. గొణిగాడు. "వినబడలేదు" అన్నాను నేను, నోరు ఊరుకోక. ఈసారి గొంతెత్తి చెప్పాడు. "ఆయన దొంగతనం చెయ్యలేదు. మా నాన్నే అన్యాయంగా ఇరికించాడు."

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన్ని పెరట్లోకి తీసుకొచ్చింది. బండ మీది దుప్పటి తీసి నీళ్లు పోసింది. ఆ కొండ రాయి మెత్తన. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తడిమాడు. ముక్కు లేదు, కళ్లు లేవు, అంతా నున్నగా ఉంది.

"ముఖమేది?" అన్నాడు.

"జైలు నుంచి మా నాన్నని తెచ్చిన రోజు నేనూ అదే అడిగాను" అంది అత్త.