మూడు బడులు, ఒక బీడీ

ఏ ఊరి బడి మంచిదని నన్ను అడగని చుట్టం లేడు. ఏళ్ళ తరబడి సర్కారు బళ్ళలో పంతులమ్మగా చేసినదాన్ని కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. గోదావరికి ఇవతలి బడులు మంచివా, అవతల మంచిర్యాల వైపువి మంచివా, కోస్తా పంతుళ్ళు బాగా చెబుతారట నిజమేనా అని పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నా ఇదే గోల. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు కదా అని నవ్వి ఊరుకుంటాను. జవాబు తెలియక కాదు, చెప్పీ చెప్పీ విసిగిపోయాను. పైగా బడులను పోల్చి చూడడం మా ఇంట్లో ఒకసారి జరిగింది. ఆ పోలిక మా చెల్లె చదువుకు ఏం చేసిందో చూసినదాన్ని, మళ్ళీ ఆ పనికి నా మనసు ఒప్పదు.

మా నాన్నను మేము బాపు అనేవాళ్ళం. ఆయనది రామగిరి గుట్టల కింద ఒక చిన్న ఊరు. అరవైల్లో గోదావరిఖనిలో కొత్తగా బొగ్గు బాయిలు తెరుస్తున్నప్పుడు అరక వదిలి వచ్చి ఫిల్లరుగా కుదిరాడు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. భూమి లోపల పేల్చిన బొగ్గును చెమ్మాసు అనే పెద్ద పారతో తట్టలోకి ఎత్తి పట్టాల మీది టబ్బులో పోయడం ఫిల్లరు పని. ఎన్ని టబ్బులు నింపితే అంత పని చేసినట్టు. మంచి బొగ్గా, రాయి కలిసిన బొగ్గా అన్నది పైన ఎవరో చూసుకుంటారు. కింద ఉన్నవాడికి టబ్బే లెక్క.

ఆ లెక్క మా బాపు ఒంటికి పట్టేసింది. మా అమ్మ భజనకు పోయి వస్తే పాట ఎట్లా ఉందని అడగడు, ఎన్ని పాడారని అడుగుతాడు. చుట్టాలింటి నుంచి వస్తే ఏం కూర అని కాదు, ఎన్ని కూరలని. మా అమ్మ నవ్వేది. "నీకు దేవుడు కనవడ్డా ఎన్ని చేతులున్నయో లెక్కవెడ్తవు" అనేది.

బాపుకు అక్షరం ముక్క రాదు. అందుకే పిల్లల చదువంటే ప్రాణం. కంపెనీ ఇచ్చిన క్వార్టరు ఒక్క గది, ఒక వరండా. నేను అమ్మానాన్నల దగ్గర ఉండి కాలనీ బడికి పోయేదాన్ని. చెల్లె మాత్రం ఊళ్ళో మా బాపమ్మ దగ్గర, అంటే నాన్న తల్లి దగ్గర ఉండేది. ఉన్న కొంచెం మెట్ట చెలక వదిలి ముసలామె రానంటే రానన్నది. ఆమెకు తోడుగా చెల్లెను ఉంచి, అక్కడి బడిలోనే వేశారు.

ఆ ఊరి బడిని చూసి ఎవరూ మెచ్చుకోరు. గూనపెంకుల కప్పు, వాన పడితే పిల్లలంతా ఒక మూలకు జరగాలి. ఐదు తరగతులకు ఒక్కడే సారు. ఆయన గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. పిల్లలను చెలకల్లోకి తీసుకుపోయి తాడుతో మడి కొలిపించేవాడు. ఏదైనా ఒక మాట దగ్గర ఒక పిల్ల ఆగితే, ఆ పొద్దంతా ఆ మాట మీదే గడిచిపోయేది. పాఠాలు సగం మిగిలిపోయేవి. పై అధికారులు వచ్చినప్పుడు చీవాట్లు తినేవాడు.

మా కాలనీ బడి దానికి పూర్తిగా ఎదురు. రేకుల షెడ్డులో, బాయికి ఉన్నట్టే బడికీ షిఫ్టులు. పొద్దున ఒక మంద, మధ్యాహ్నం ఇంకో మంద. రోజుకో కొత్త కుటుంబం దిగుతుంటే పిల్లలు పెరుగుతూనే పోయారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ఈ బొగ్గు దుమ్ములోకి పోస్టింగు వచ్చిన సార్లు దాన్ని శిక్ష అనుకునేవాళ్ళు. పెట్టె విప్పకముందే బదిలీ కోసం తిరగడం మొదలు పెట్టేవాళ్ళు. లెక్కల సారు పోతే ఇంకొకరు వచ్చేదాకా లెక్కలు లేవు. ఉన్న సారు కుర్చీలో కూర్చుంటే క్లాసు లీడరు ముందు నిలబడి పాఠం అరిచేవాడు, మేమంతా వెనక అరిచేవాళ్ళం. దారిన పోయేవాళ్ళకు మాత్రం బడి బ్రహ్మాండంగా నడుస్తున్నట్టు వినపడేది.

ఇక మూడోది మంచిర్యాల బడి. అక్కడ మా మేనమామ కొడుకు, నాకు బావ, చదివేవాడు. వాళ్ళకు వీపు ఆనించే బెంచీలున్నాయి. పుస్తకాల అల్మారా ఉంది. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఆ బడి వదిలేనాటికి కూడా బావకు తెలియలేదు. అయినా ఆ అల్మారా గురించి మా దగ్గర తెగ కోతలు కోసేవాడు.

ఒక దసరా సెలవుల్లో మేము ముగ్గురమూ క్వార్టర్లో కలిశాం. ఆ రోజు బాపుకు వారానికోసారి వచ్చే సెలవు, బాయి భాషలో ప్లేడే. వరండాలో చాప పరిచి ముగ్గురినీ కూర్చోబెట్టాడు. హోటల్లో మిర్చీలు కట్టి ఇచ్చిన పాత పేపరు ముందు పెట్టాడు. ఒక్కొక్కరే చదవాలి, చదివే లైను కింద వేలు పెట్టాలి. తను బీడీ ముట్టిస్తాడు. వేలు లైను దాటినప్పుడల్లా చదివేవాళ్ళ ముందు ఒక అగ్గిపుల్ల పెడతాడు. బీడీ అయిపోతే ఆపాలి. చదువు రాని మనిషి మూడు ఊళ్ళ బడులకు పెట్టిన పరీక్ష అది. ఎవరి ముందు పుల్లలు ఎక్కువుంటే వాళ్ళ బడి మంచిది.

నేను గడగడా చదివేశాను. మా షెడ్డులో అట్లాగే అలవాటైంది, ఆగితే బెత్తం. చివరికి వేలు నొప్పి పుట్టింది కానీ ఏం చదివానో ఒక్క ముక్క తలలో లేదు. బావ రాగం తీసుకుంటూ చదివాడు, వాడికీ బాగానే వచ్చాయి పుల్లలు. చెల్లె మొదటి లైన్లు బాగానే చదివింది. తర్వాత వేలు ఆగిపోయింది.

"బాపూ, దుర్భిక్షం అంటే ఏంది?"

బాపు మా మొహాలు చూశాడు. మాకూ తెలియదు.

"ఏమో బిడ్డా, ముంగటికి పో. బీడీ ఆరుతది."

"తెల్వకుంట ముంగటికి ఎట్ల పోను?"

బావ పడీ పడీ నవ్వాడు. బాపు ఇంకోసారి చెప్పి చూశాడు. అది కదలలేదు. మా అమ్మ వంటింట్లోంచి, "తిండి లేని కాలం గావచ్చు, మా అవ్వ అంటుండె" అన్నాక మళ్ళీ వేలు కదిలింది. అప్పటికి బీడీ అయిపోయింది.

ఆ సాయంత్రమే బాపు తేల్చేశాడు. "ఒక్క సారు ఐదు క్లాసులు ఎట్ల చూస్తడు? బాయిల ఒక్క సర్దారు ఐదు జాగలల్ల పని చేపిస్తడా? పోరి ఎన్కబడ్డది. ఈడికే తోలుకొద్దాం."

ఊళ్ళో కబురు తెలిసి బాపమ్మ ఏడ్చింది. చెల్లె ఏడవలేదు, కానీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. బాపును నేను తప్పు పట్టలేను. బిడ్డ మీద ప్రేమతోనే చేశాడు, తనకు తెలిసిన ఒకే ఒక్క కొలతతో చేశాడు.

కొన్నాళ్ళకు ఊరి సారు సైకిలు మీద మా క్వార్టరుకు వచ్చాడు. చెమటకు బొగ్గు దుమ్ము అంటుకుని మొహం చారలు చారలుగా ఉంది. మా అమ్మ చాయ్ ఇచ్చింది.

"అన్నా, ఐదో తరగతి దాక పిల్లను నా దగ్గర ఉంచు. గసొంటి పిల్ల బడికి దొరుకుడు కష్టం."

బాపు చేతులు కట్టుకునే నిలబడ్డాడు. "సారూ, మీరు మంచోరే. మిమ్ముల ఏమంటలేను. కని పిల్ల చదువుల నడుస్తలేదు. మధ్య మధ్యల ఆగుతది."

"ఆగుడే చదువన్నా" అన్నాడు సారు.

బాపుకు ఆ మాట ఎక్కలేదు. బాయిలో ఆగిన టబ్బు ఎవడికీ పనికిరాదు. సారు పోయాక, "బడిల పోరగాండ్లు తక్కువైతరని ఆయన ఫికర్ ఆయనది, పాపం" అన్నాడు.

చెల్లె మా షెడ్డులో చేరింది. మొదట్లో చెయ్యి ఎత్తేది. అప్పుడు మాకున్న సారు, "ఇంతమందిల ఒక్కొక్కలు ఒక్కోటి అడిగితే నేనేం గావాలె, కూసో" అనేవాడు. చెడ్డవాడేమీ కాదు. అంతమంది ముందు రోజంతా నిలబడితే గొంతుకు, ఓపికకు ఏమవుతుందో తర్వాత నేనూ చూశాను. ఇక లీడరైతే దాన్ని మతిలేని పిల్ల కింద జమకట్టాడు. పిల్లలు "అంటే ఏంది, అంటే ఏంది" అని దారి పొడుగునా ఏడిపించేవాళ్ళు. నేను రాళ్ళు పట్టుకుని వాళ్ళ వెంట పడేదాన్ని. కొన్నాళ్ళకు ఆ అవసరమూ పోయింది. చెల్లె చెయ్యి ఎత్తడం మానేసింది.

మరుసటి దసరాకు బాపు మళ్ళీ చాప పరిచాడు. బావా వచ్చాడు, పేపరూ వచ్చింది. ఈసారి చెల్లె వేలు ఎక్కడా ఆగలేదు. ఊపిరి తీయకుండా చదివేసింది. దాని ముందు పుల్లలు కుప్ప అయ్యాయి. బావను దాటింది, నన్నూ దాటింది. బాపు ఆనందం పట్టలేక మా క్వార్టర్ల వరసలో ఉన్న వాళ్ళందరినీ పిలిచి చూపించాడు. "సూసిండ్రా, బడి మారిస్తె గిట్లుంటది!" అందరికీ జిలేబీ తెప్పించాడు. చెల్లె జిలేబీ తింటూ గోడకేసి చూస్తూ కూర్చుంది. నాకు ఎందుకో భయం వేసింది. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

ఏడో తరగతిలో పెద్ద పరీక్ష ఉండేది. పేపర్లు బయటి నుంచి వచ్చేవి, దిద్దేవాళ్ళూ బయటివాళ్ళే. ఆ పరీక్ష నేను గట్టెక్కాను, బట్టీకి అందే ప్రశ్నలు వచ్చాయి. డెబ్బైల మొదట్లో చెల్లె రాసినప్పుడు ప్రశ్నల తీరు మారింది. సొంతంగా ఆలోచించి రాయమన్నారు. చెల్లె తప్పింది. మళ్ళీ రాసి మళ్ళీ తప్పింది. బాపుకు ఇది అంతుపట్టలేదు. అంత జోరుగా చదివే పిల్ల ఎట్లా తప్పుతుంది? పేపర్లు దిద్దేవాళ్ళే ఏదో చేశారని రెండు రోజులు తిట్టాడు. మూడో రోజు మెత్తబడి, "ఊరి సారు యాడున్నడో ఎరుకేనా?" అని మా అమ్మను అడిగాడు.

ఆయనకు మంచిర్యాల అవతల ఒక పల్లెకు బదిలీ అయిందని, ఊరికి పోయి అడిగితే బాపమ్మ చెప్పింది. బాపు డ్యూటీ మానుకుని చెల్లెను, నన్ను తీసుకుని రామగుండంలో రైలెక్కాడు. గోదావరి వంతెన మీద రైలు పోతుంటే నేను కిటికీలోంచి నీళ్ళు చూస్తున్నాను. ఎండాకాలం నీళ్ళు ఎటు పోతాయని చిన్నప్పుడు ప్రాణం తీసిన పిల్ల, నా పక్కనే తల వంచుకుని కూర్చుంది.

సారు జుట్టు నెరిసింది. ఆయన కొత్త బడి కూడా పాతదాని లాంటిదే, కప్పు మాత్రం గడ్డిది. చెల్లెను చూడగానే మొహం వెలిగింది. దగ్గర కూర్చోబెట్టుకుని ఒక పుస్తకం తీసి చదవమన్నాడు. చెల్లె అందుకుంది. కామా లేదు, చుక్క లేదు, పేజీ చివరిదాకా ఒక్కటే పరుగు. బాపు అలవాటుగా మురిసిపోయి సారు వైపు చూశాడు.

సారు పుస్తకం మూసేశాడు. "ఇండ్ల నీకు సమజ్ గాని మాటేదన్న ఉన్నదా బిడ్డా?"

"ఏం లేవు సార్."

"ఏమన్న అడుగుతవా మరి?"

చెల్లె తల అడ్డంగా ఊపింది. ఆయన పుస్తకం పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా చెప్పడం మొదలు పెట్టాడు. తన ఇంట్లోనే ఉండవచ్చని, తన భార్య చూసుకుంటుందని, మొదటి పుస్తకం నుంచి మళ్ళీ మొదలు పెడదామని, తొందరేమీ లేదని. చాలాసేపు చెప్పాడు. నేనైతే ఆయన కాళ్ళు పట్టుకుని నన్నే ఉంచుకోమందామనుకున్నాను. బాపు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. పంచె మట్టి అవుతుందని కూడా చూసుకోకుండా చెల్లె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డా, సారు చెప్పింది ఇన్నవు గదా. ఉంటవా?"

చెల్లె ఉలిక్కిపడి మా ఇద్దరి వైపు చూసింది.

"ఏం చెప్పిండు బాపూ? నేను ఇనలే."

బాపు ఇంకోసారి అడగలేదు. "ఇగ ఆలిశమైంది సారూ" అని సారుకు దండం పెట్టి, దాని చెయ్యి పట్టుకుని స్టేషను దారి పట్టాడు. చెల్లె ఆ తర్వాత ఏ బడికీ పోలేదు.