జంపక్క మూత తీసిన పొద్దు

తొట్టికి చెవి ఆనించి వినడం జంపక్కకు మొగుడు జంపయ్య నేర్పిన పని. భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట ఉంది ఆమె పనిచేసే గ్యాస్ ప్లాంటు. పక్క ఫ్యాక్టరీ పొగగొట్టంలోని కార్బన్ డయాక్సైడ్‌కు హైడ్రోజన్ కలిపి తొట్టిలోకి వదిలితే, కంటికి కనపడని పురుగులు దాన్ని తిని పొయ్యిలో మండే మీథేన్ గ్యాస్ చేస్తాయి. ఆ పురుగులున్న మొదటి బురదను ఊరి మడుగులోంచి మోసుకొచ్చింది జంపయ్యే. ఆయన పోయి రెండేళ్లయింది. తొట్టి గుడగుడలాడితే, పొగాకు నములుతూ ఆయనే గొణుగుతున్నాడనుకునేది జంపక్క.

ఎండాకాలంలో ఇల్లంత పెద్ద తొట్టి కట్టారు. చిన్న తొట్టిలోదంతా అందులోకి మార్చాలి. కొత్తది ఏది మొదలైనా ముందు పెద్దలకు పెట్టడం, వాళ్లు తీసుకునేదాకా మూత వేయకపోవడం జంపక్క ఇంటి ఆనవాయితీ. మార్చే రోజు పొద్దున ఎవరూ రాకముందే గ్యాస్ కట్టేసి, చిన్న తొట్టి మూత తీసి, దొప్పెడు ఇప్పసారా పోసి దండం పెట్టింది. లోపల కలిపే రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. పొద్దెక్కాక మూత వేసింది.

బురదంతా అందులోకి మార్చిన వారానికి కూడా పెద్ద తొట్టి పలకలేదు. వానాకాలంలోపు గ్యాస్ రాకపోతే ప్లాంటు మూసేస్తామన్నారు పైవాళ్లు. ఇంజినీరు శ్యామల పైపులన్నీ విప్పించింది. ఇంట్లో అన్నం ఉడికే చప్పుడుకే ఉలిక్కిపడుతోంది జంపక్క. చివరికి ఉండబట్టలేక వెళ్లి చెప్పింది.

"పైపులది కాదు మేడం. నేనే మూత తీసిన."

"ఏందీ? ఎంతసేపు?"

"ఆయన తాగేదాంక. చెప్పకుండ కొత్త జాగకు ఎట్ల తీస్కపోత?"

"జంపక్కా, వాటికి గాలే విషం. తగిల్తే సచ్చిపోతయ్. నీకెవ్వరు చెప్పలేదా?"

"మూత తియ్యకు అన్నరు. ఎందుకో ఒక్కరు చెప్పలే. అయితే ఆయన్ని రెండోసారి నేనే సంపినన్నమాట."

శ్యామల కోప్పడలేదు. "ఆ మడుగు ఇంకా ఉందా?" అని మాత్రం అడిగింది.

మడుగు మధ్యలో నడుంలోతు నీళ్లున్నాయి. జంపక్క దిగి, డబ్బాను నీళ్లలోనే ముంచి, బురద నింపి, నీళ్లలోనే మూత బిగించింది. గాలి బుడగ ఒక్కటీ లోపలికి పోనివ్వలేదు. ఆ బురదను డబ్బాల్లో పెంచి పెంచి, తొలకరికి ముందు పెద్ద తొట్టిలో పోశారు.

అయిదో రోజు గుడగుడ మొదలైంది. అందరూ ఈలలు వేశారు. జంపక్క చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"ఏమంటుండు మీ ఆయన?" నవ్వుతూ అడిగింది శ్యామల.

"ఈళ్లు వేరే మేడం. మంచిగనే తింటున్నరు. ఆయనైతే కాదు."

చిన్న తొట్టి ఇప్పుడు ఖాళీ. దాని అడుగున మళ్లీ దొప్పెడు ఇప్పసారా పెట్టింది జంపక్క. వాన నీళ్లు పడతాయి, మూత వెయ్యమంటే వెయ్యనివ్వదు.

"ఆయన ఇంకా తాగలే," అంటుంది.