తలుపు తట్టి రావలసిన మరిది

పోయిన నెల ఇల్లు మారుతూ అటక మీది అట్టపెట్టెలు దింపించినప్పుడు, దుబాయ్ నుంచి తిరిగొచ్చిన నాటి పెట్టె ఒకటి ఇన్నేళ్ళూ విప్పనే లేదని తేలింది. అందులో దుప్పట్ల మడతల మధ్య ఒక పెళ్ళి సీడీ దొరికింది. మా కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఎవరి పెళ్ళని అడిగితే, ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని చేసుకున్న పెళ్ళి అన్నాను. ఈ కాలపు సంగతి అనుకుని నవ్వింది. కాదు, అది వాళ్ళ దేశంలో తాతల ముత్తాతల నాటి ఆచారం. ఆ సీడీ చూపించి ఒక మగవాడి మొహం మాడ్చిన రోజు గుర్తొస్తే, ఈ వయసులోనూ నాకు కాఫీ తాగినంత హాయిగా ఉంటుంది.

దుబాయ్‌లోని డేరా పేటకు ఇంకా మెట్రో రాని రోజులవి. మన దగ్గర ఎనిమిదేళ్ళు దినపత్రిక డెస్కు మీద పనిచేసి, మా ఆయన ఉద్యోగం కోసం అక్కడికి చేరిన నేను, ఆఫ్రికాకు సరుకు పంపే ఒక కార్గో ఆఫీసులో కాగితాలు చూసేదాన్ని. గోడకు అవతల బట్టల దుకాణం నైజీరియావిడది. అక్కడి ఇగ్బో తెగ వాళ్ళు. నాకంటే పెద్దది కనుక నేను అక్కా అనేదాన్ని, ఆవిడ ఆ మాటను ముద్దుగా నేర్చుకుని అందరినీ అలాగే పిలవమనేది. మా ఆఫీసులో కంటైనర్లు ఎక్కించే కడప భాయ్, ఆవిడ, నేను కలిసి పాలు లేని సులైమానీ చాయ్ తాగని మధ్యాహ్నం ఉండేది కాదు.

ఆవిడ భర్త ఊళ్ళో పోయాడు. ఇద్దరూ ఆడపిల్లలే. విధవరాలని ఆవిడకు గుండు గీయించి, నేల మీద కూర్చోబెట్టి, దుఃఖదినాలు ఇంకా గడవకముందే మరిది ఆ ఇంటి ముందుగదిలో తన పాత ఇంజన్లు తెచ్చి పేర్చాడట. కొడుకు లేని ఇల్లు తమ్ముడిది, విధవరాలు కూడా తమ్ముడిదే, మూడో పెళ్ళాంగా వస్తే రా, లేదంటే పెట్టె సర్దుకో అన్నాడట. ఆవిడ పిల్లల్ని పుట్టింట్లో పెట్టి దుబాయ్ వచ్చి, వీసాకు పూచీ ఉండే అరబ్బు కఫీల్ కాళ్ళావేళ్ళా పడి ఆ కొట్టు నిలబెట్టుకుంది. భర్త కట్టిన ఆ ఇల్లు, ఆ ఇంటి మీద ఆయన పేరు, ఈ రెండే ఆవిడకు కావలసినవి.

అబూదాబీ పక్క ముసఫ్ఫా గ్యారేజీల్లో పాత ఇంజన్లు కొనడానికి మరిది ఏడాదికి మూడు నాలుగు సార్లు దిగేవాడు. వచ్చినన్నాళ్ళూ కొట్లో ఆవిడ కుర్చీలోనే కూర్చునేవాడు. బేరానికొచ్చిన ఆడవాళ్ళ ముందు, ఈమె మా ఇంటి ఆస్తి, సంతకమే ఆలస్యం అని పొట్ట ఊగేలా నవ్వేవాడు. ఇంటి కోడలు మరిదికి అన్నం పెట్టడం వాళ్ళ ధర్మమట. ఆవిడ రోజూ క్యారియర్‌లో యామ్ దుంప ముద్ద, మేక మాంసం పులుసు తెచ్చి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పట్టుకుని నిలబడేది. వాడు తిని, ఉప్పు తక్కువైందనేవాడు. పత్రికలో పనిచేసినదాన్ని కనుక రెండోవైపు కూడా వినాలని ఒకరోజు వాడి దగ్గర కూర్చుని విన్నాను. విన్నాక నా కోపం రెండింతలైంది.

నా కోపం వెనక మా పిన్ని కూడా ఉంది. పెళ్ళయిన రెండేళ్ళకే భర్తను పోగొట్టుకుని, బావగారి ఇంట్లో నలభై ఏళ్ళు పిండి రుబ్బిన మనిషి. ఆ ఇంట్లో పెళ్ళిళ్ళన్నింటికీ గారెలు తనే వండి, ఒక్కసారీ తలంబ్రాలు చూడకుండా వెనకగదిలో ఉండిపోయింది. ఆచారం ఆవిడకు ఆజ్ఞలిచ్చిందే తప్ప, తిప్పికొట్టడానికి ఒక్క పుల్లముక్క ఇవ్వలేదు. అక్క చేతికి మాత్రం వాళ్ళ ఆచారమే కత్తి ఇచ్చింది.

అదేమిటో ఒక మధ్యాహ్నం ఆవిడే చెప్పింది. కొడుకులేని వితంతువు కన్యాశుల్కమిచ్చి, తనే భర్త స్థానంలో ఉండి, ఒక పిల్లను పెళ్ళాడవచ్చట. ఆ పిల్ల తనకు నచ్చినవాడితో బిడ్డల్ని కనవచ్చు. వాళ్ళు చనిపోయిన భర్త పేరుతోనే పెరుగుతారు, ఇల్లు వాళ్ళది. అత్తగారు తనవైపే ఉంది. చిన్నకొడుకు ఆ ముసలమ్మ పొయ్యి కూడా బయటికి నెట్టాడు. ఆవిడ మందులు దుబాయ్ నుంచి ఈ కోడలే పంపుతోంది. పెద్దకొడుకు గుమ్మం మూతపడకూడదని కులపెద్దల్ని ఒప్పించింది ఆ ముసలమ్మే. అడ్డుపడగలిగింది మరిది ఒక్కడే కనుక, ఆ పెళ్ళి జరిగేదాకా వాణ్ణి దుబాయ్ కదలనివ్వకూడదు. ఆ పని నాకూ భాయ్‌కీ అప్పజెప్పి, చైనాకు సరుకు కోసం వెళుతున్నానని వాడితో చెప్పి విమానమెక్కింది.

మాకు అంతకంటే ఇష్టమైన పని ఆ ఎడారిలో ఎప్పుడూ దొరకలేదు. సరుకు ఓడెక్కందే ఊరు కదలని వాడు, పొద్దున్నే వచ్చి తన ఇంజన్ల కంటైనర్ ఏదని అడగడం, భాయ్ చేతులు తుడుచుకుంటూ, "బుక్రా, సేఠ్, బుక్రా పక్కా" అని రేపటికి వాయిదా వేయడం. మర్నాడు క్రేన్ చెడింది, ఆ మర్నాడు ముదీర్, అదే మేనేజరు, సంతకం లేదు. వాడటు వెళ్ళగానే భాయ్ నా వైపు తిరిగి, "ఏం మేడమ్, ఇంగ రెండు దినాలు నానబెడదామా? బాగా నానితేనే గదా పప్పు ఉడికేది" అనేవాడు. వాడి తల్లి తనే ఫోను చేసి, ఇంట్లో అంతా క్షేమమని వాడికి చెప్పిందట. ఆ మాట వాడే మాతో చెప్పి మురిసిపోయాడు.

అక్క తిరిగొచ్చిన మర్నాడు ఎప్పటిలాగే క్యారియర్ తెచ్చి, నీళ్ళు పట్టి, వాడు ముద్ద చేతిలోకి తీసుకునేసరికి గోడమీది టీవీలో సీడీ పెట్టింది. పక్క కొట్ల ఆడవాళ్ళు ఎలా తెలిసిందో వరసగా వచ్చి నిలబడ్డారు. ముందు ఊళ్ళో ఎవరిదో వాకిలి, పందిరి, పెద్దలు మన తాంబూలంలా పంచే కోలా గింజలు విరుస్తూ కనిపించారు. వాడు సంబరంగా ఒక్కొక్కరినీ గుర్తుపట్టి, "అదిగో మా అమ్మ, కొత్త బట్ట కట్టిందే, ఎవరి పెళ్ళి?" అన్నాడు. అక్క, తిను తిను అంది.

వాళ్ళలో పెళ్ళికూతురి చేతికి తండ్రి తాటికల్లు గ్లాసు ఇస్తాడు. ఆమె జనంలో తిరిగి తన భర్తను వెతికి, మోకరిల్లి అందించాలి. కుర్రాళ్ళు ఇటు రా, నేనే, నేనే అని అల్లరి చేస్తుంటారు. అక్కడా చేశారు, వాడూ కొట్లో కూర్చుని, ఆ పసుపు చొక్కావాడే పెళ్ళికొడుకని పందెం కాశాడు. పిల్ల పసుపు చొక్కా దాటింది, మగవాళ్ళ వరసంతా దాటింది. చివర కుర్చీలో, చనిపోయిన భర్త టోపీ ఒడిలో పెట్టుకుని కూర్చున్న మా అక్క ముందు మోకరిల్లింది. అక్క గ్లాసు ఖాళీ చేసింది. పక్కనే వాడి తల్లి లేచి చిందేసింది.

వాడి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మొదట నోరు, తరవాత గడ్డం, తరవాత భుజాలు ఒకటొకటిగా జారాయి. అమ్మా అన్నాడు, టీవీలోని తల్లితో. అక్క గొంతు పెంచలేదు.

"నీ ఇంజన్లు వాకిట్లో పెట్టించాను, పట్టుకుపో. ఇక మీదట ఆ ఇంటికొస్తే తలుపు తట్టి రా. లోపల నా పెళ్ళాం ఉంటుంది."

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. వాడు వెళ్ళిపోయాక భాయ్ క్యారియర్ దగ్గరికి లాక్కుని, "ఖలాస్. పులుసు బాగుందక్కా, ఉప్పు సరిపోయింది" అన్నాడు.

ఆ పెళ్ళికూతురి మనసేమిటని నేను తరవాత అక్కను అడిగాను. ప్రియుడు వదిలేస్తే పుట్టింట్లో మాటలు పడుతున్న పిల్లట. కుట్టుపని నేర్పిస్తావా అని మాత్రం అడిగిందట. అక్క నేర్పించింది. మొదటి కొడుక్కి అక్క భర్త పేరే పెట్టారు. అయినా గ్లాసు పట్టుకుని నడిచిన ఆ పిల్ల మొహం నవ్విందో లేదో నాకిప్పుడు గుర్తు లేదు, నేను చూసింది వాడి మొహమే.

ఆ కొట్టున్న వరసంతా కూల్చేశారని విన్నాను. అక్క ఊరికెళ్ళిపోయింది. అక్కడా ఇప్పుడు చర్చీ వాళ్ళు అలాంటి పెళ్ళిళ్ళు ఒప్పుకోవడం లేదట, ఆస్తి సంగతి కోర్టులో తేల్చుకోమంటున్నారట. మంచిదే కావచ్చు. సీడీ ఆడించే చోటు కనుక్కుంటానంది కోడలు. వద్దన్నాను. అందులో పెళ్ళి ఉంది కానీ, దాన్ని చూస్తూ ముద్ద మింగలేకపోయిన మగవాడు లేడు. వాడు నా దగ్గరే ఉన్నాడు. పిన్ని బతికుండగా ఆవిడకు చెప్పి ఉండవలసింది, గారెలు వేస్తూ వినేది.