శాంతవ్వకు చదివి వినిపించని ప్రణాళిక

ఆరేళ్లుగా ఒక కాగితం నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. బరువు పెద్దగా ఉండదు, ఒక్క పేజీ. అయినా కాసేపు మీరు పట్టుకోండి.

నారాయణఖేడ్ చుట్టుపక్కల బళ్లకు తిరిగే టీచరును నేను. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న ఒక్కొక్క బిడ్డకూ విడిగా విద్యా ప్రణాళిక రాయాలి: ఏది కష్టం, బడి ఏం చేయాలి, పరీక్షలో ఏ సాయం ఇవ్వాలి. ఆ ఏడు తనిఖీకి రెండు రోజుల ముందు నాకు జ్ఞానోదయమైంది. వినికిడి తక్కువున్న ఒకమ్మాయికి శ్రద్ధగా రాసిన ప్రణాళిక చేతిలో ఉంది. పేర్లు మార్చి దాన్నే ఇరవై రెండు మందికి ఎక్కించాను.

వాళ్లలో మనూర్ దగ్గరి భాగ్యకు చెవులు భేషుగ్గా ఉన్నాయి. అక్షరాలే ఆమెకు తారుమారుగా కనబడేవి. ఆ ప్రణాళిక మీద వేలిముద్ర వేయడానికి వాళ్లమ్మ శాంతవ్వ వచ్చింది.

“నాకు చదువు రాదు సార్. గీ కాయిదంల ఏమున్నదో జర చదివి చెప్పు.”

చదివితే దొరికిపోతాను. కాగితం వైపు చూస్తూ అందులో లేనిది చెప్పాను.

“రోజూ ఇసుకల అక్షరాలు దిద్దియ్యాలె. పరీక్షల ప్రశ్నలు చదివి వినిపిస్తరు. టైం గూడ ఎక్కువిస్తరు.”

“గట్లయితే మా పిల్ల చదువు ఆగిపోదు గద?”

“ఎందుకాగుతది?”

నేను చెప్పిందంతా సరైనదే. మరి తెలిసి కూడా ఎందుకు రాయలేదు? బద్ధకం అంటే నన్ను నేను పొగుడుకున్నట్టే.

శాంతవ్వ నా మాటను నమ్మి రోజూ చాటలో ఇసుక పోసి దిద్దించింది. బడి నా కాగితాన్ని నమ్మి, భాగ్యను ముందు బెంచీలో కూర్చోబెట్టి గట్టిగా అరిచి పాఠం చెప్పింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడైనా ప్రణాళికను సరిదిద్దొచ్చు. కానీ ఒకటి సరిదిద్దితే మిగతావీ బయటపడతాయి. ఊరుకున్నాను.

వార్షిక పరీక్షలో భాగ్య, ప్రశ్నలు ఎవరైనా చదువుతారని పెన్ను పట్టుకుని ఎదురుచూసిందట. చదివి చెప్పమని అడిగితే గది మొత్తం నవ్విందట. మర్నాటి నుంచి బడికి రాలేదు. ఇప్పుడు తల్లితో కూలికి పోతోంది.

కల్హేర్ సంతలో శాంతవ్వ కనబడి, ఇసుకలో దిద్దించడం తానే తక్కువ చేశానేమో అని బాధపడింది. నేను తల ఊపాను. అవునన్నట్టే ఊపాను.

ఆమె తక్కువ చేయలేదు. ప్రణాళిక నేనే తప్పు రాశాను, తప్పని తెలిసే ఉంచాను. ఈ మాట ఆమెకింకా చెప్పలేదు. మీకు చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.