గెలాక్సీకి పసుపు రంగు వేసిన పాపం

ఆకాశానికి నిచ్చెన వేసేవాళ్లు బోలెడుమంది ఉంటారు. ఆ నిచ్చెన ఎక్కి, తిన్నగా కంకిపాడు పక్కన పోలింగ్ బూతులో పడ్డదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. పడుతూ పడుతూ మా రూతు పిన్ని ఉద్యోగాన్ని కూడా పట్టుకుని లాగాను. వినండి, నవ్వుకోవడానికి మీకు పూర్తి హక్కుంది.

అప్పుడు నేను బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు ఒకటి అతినీలలోహిత కాంతిలో నక్షత్రాల ఫొటోలు తీసి పంపుతుంది. ఆ కాంతిని మన గాలి కిందికి రానివ్వదు కాబట్టి అంత పైకి వెళ్లి తీయాలి. తీసినా అది మన కంటికి ఆనదు కాబట్టి కంప్యూటర్లో ఎవరో ఒకరు రంగు వేయాలి. ఆ ఎవరో ఒకరు నేనే. దేవుడు చేసి వదిలేసిన సృష్టిని నేను ముస్తాబు చేస్తున్నానని నాకు మహా గర్వం.

పిన్ని కంకిపాడు పక్కన హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్. సర్వీసంతటిలో ఒక్క మెమో ఎరగని మనిషి, రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. సెలవు మీద వస్తున్నానని ఫోన్ చేస్తే, "ఏమే ఎస్తేరూ, నువ్వు రంగులేసిన బొమ్మ ఒకటి ఫ్లెక్సీ కొట్టించి తీసుకురావే. పిల్లలు చూస్తారు. కింద నీ ఫొటో ఉండాలి. 'నక్షత్రాల లోకంలో మన ఎస్తేరు' అని రాయించు" అంది. మా వైపు ఫొటో లేని ఫ్లెక్సీ ఉప్పు లేని పప్పుతో సమానం. పటమటలో గోడంత కొట్టించాను. గెలాక్సీకి నిండుగా పసుపు వేశాను, కళగా ఉంటుందని. తీసుకెళ్లి స్కూలు గోడకు కట్టాం.

ఎన్నికలొచ్చాయని, ఆ స్కూలే పోలింగ్ బూతని, ఊళ్లో విగ్రహాలకు సైతం ముసుగులు వేశారని ఈ మేధావికి తట్టలేదు. పిన్ని కళ్లకేమో అందులో నా ఫొటో తప్ప ఇంకేమీ కనపడలేదు. కనపడింది తనిఖీకి వచ్చిన ఆఫీసరుకే.

"ఇదేంటండీ మేడమ్?"

"గెలాక్సీ అండీ. మా అక్క కూతురు చేసింది" అంది పిన్ని మురిసిపోతూ.

"పచ్చగా ఉందేంటండీ? కోడ్ ఉందని తెలీదా?"

నేను నోరు మూసుకోవచ్చు కదా! "సార్, ఇది ఏ పార్టీదీ కాదు. కోట్ల కోట్ల మైళ్ల దూరంలో ఉంటుంది" అన్నాను.

"ఎంత దూరంలో ఉన్నా రంగు రంగేనమ్మా. అసలు దాని రంగు పసుపేనా?"

సైన్సు చదివినదాన్ని, అబద్ధమాడొచ్చా? "అసలు దానికి రంగే లేదండీ. కంటికి కనపడదు. నేనే వేశాను."

"మీరే వేశారా?"

"అవునండీ. ఏదైనా వేసుకోవచ్చు, మన ఇష్టం."

"అన్ని రంగులుండగా ఇష్టపడి ఇదే వేశారన్నమాట!"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి పిన్ని ఊరే కాదు, ఉద్యోగం కూడా పోయేలా ఉంది.

"మార్చండి, లేకపోతే తీసేయండి. రేపటికి ఇలాగే ఉంటే రిపోర్టు రాయాల్సొస్తుంది" అని ఆయన వెళ్లిపోయాడు.

"ప్రభువా! ఆఖర్న సస్పెన్షనా!" పిన్ని కుర్చీలో కూలబడింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"తీసేద్దాం పిన్నీ."

"తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. రంగు మార్చు."

ల్యాపుటాపు తెరిచి నీలం వేశాను.

"అదీ ఒకళ్లదేనే. పైగా దాని మూడు రెక్కలూ ఫ్యానులా గిర్రున తిరుగుతున్నట్టున్నాయి. వద్దు."

"ఎరుపు?"

"బెజవాడ దగ్గర పుట్టి ఎరుపు ఎవరిదో తెలీదా?"

"కాషాయం?"

"నోర్ముయ్."

విశ్వమంతా గాలించినా ఎవరిదీ కాని రంగు దొరకలేదు. అప్పుడు నా బుర్ర మెరిసింది. నలుపు తెలుపు! అసలు టెలిస్కోపు పంపేదీ అలాగే. ఎందుకైనా మంచిదని నా ఫొటో కూడా నలుపు తెలుపు చేసి కొట్టించి కట్టేశాం. ఆఫీసరు చూసి "ఇది పద్ధతిగా ఉందండీ" అన్నాడు. పిన్ని నా తల నిమిరింది.

పోలింగు రోజు పొద్దున్న, ఏర్పాట్లు చూస్తున్న పిన్నికి టిఫిన్ పట్టుకెళ్లాను. క్యూలో ఆడవాళ్లు ఫ్లెక్సీ ముందు చెప్పులు విప్పి దణ్ణం పెడుతున్నారు. నా ఫొటోకు ఎవరో చామంతి దండ వేశారు.

"పాపం, ఎంత వయసనీ!"

"నక్షత్రాల్లో కలిసిపోయిందంట. ఎంత బాగా రాయించారో!"

లోపల పిన్ని ఫోన్లో చర్చి పాస్టరుగారు అడుగుతున్నారు, "ఎస్తేరు పోయిందంటగా, ఆదరణ కూడిక ఎప్పుడు పెట్టుకున్నారమ్మా?"

క్యూలో ముందున్న మామ్మ నన్ను చూసింది. ఫొటోను చూసింది. మళ్లీ నన్ను చూసి, ఓటు సంగతి మరిచి కెవ్వున కేకేసి గేటు వైపు పరుగెత్తింది. ఆవిడ వెనక క్యూ అంతా పరుగెత్తింది.

ఆఫీసరు తల పట్టుకున్నాడు. "ఓటర్లను భయపెట్టడం అన్నిటికన్నా పెద్ద నేరమండీ!"

పిన్ని ఇంటి నుంచి దుప్పటి తెప్పించి గెలాక్సీకి కప్పింది. నన్ను గేటు దగ్గర నిలబెట్టి, వచ్చినవాళ్లందరికీ "బానే ఉన్నానండీ" అని చెప్పించింది. క్యూ మళ్లీ నిండింది. పిన్ని మెమో లేకుండానే రిటైరైంది.

కనుక సకల నక్షత్రాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేను బతికున్నంతకాలం, బతికే ఉన్నానని మరోసారి మనవి, ఎన్నికల వేళ కృష్ణా జిల్లాలో విశ్వానికి రంగు వేయను. అది ఎలా ఉందో అలాగే, కనపడకుండానే ఉండనిస్తాను.