ఇంటిపేరు కూడా రాయాలి

గోదావరిఖనిలో కంప్యూటర్ టీచరుగా చేరిన మొదటి వారంలోనే పిల్లల ముందు నా పరువు పోయింది. మధ్యాహ్నం రెండో తరగతికి మౌస్ పట్టుకోవడం నేర్పిస్తున్నాను. ఉన్నట్టుండి కాళ్ల కింద నేల కదిలింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి, బల్లల మీద మానిటర్లు ఊగాయి. భూకంపమనుకుని ఒక్క గెంతులో గుమ్మం బయట పడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే పిల్లలెవరూ కదల్లేదు. "బ్లాస్టింగే టీచర్! రోజు గిట్లనే అయితది. లోపటికి రా, ఏం గాదు," అని ఒక పిల్లవాడు నాకు ధైర్యం చెప్పాడు. ఊరి పక్కనే బొగ్గు కోసం బండలు పేలుస్తారని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు మరి.

నాది పెద్దపల్లి. నాన్నకు బట్టల దుకాణం. బొగ్గంటే ఇస్త్రీ పెట్టెలో చూసిందే తప్ప దాని గురించి నాకేమీ తెలియదు. కంప్యూటర్ డిప్లొమా చేసి ఖాళీగా కూర్చుంటే, కార్మికుల కాలనీ పక్కనున్న ఓ చిన్న ప్రైవేటు బడిలో ఈ ఉద్యోగం దొరికింది. తెలంగాణ ఇంకా రాలేదు గానీ, కంప్యూటర్ మాత్రం ఒకటో తరగతి దాకా వచ్చేసిందని బడి గేటు మీద పెద్ద బోర్డు పెట్టారు. లోపలున్నవి నాలుగు పాత కంప్యూటర్లు. నాలుగింటికీ కలిపి ఒకటే ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాని వైరు గది మధ్యలోంచి పాకుతూ పోయేది. చెప్పులు బయటే విడవాలని కరస్పాండెంట్ సారు ఆజ్ఞ. పిల్లలు అంతటితో ఆగకుండా మౌసును తాకి కళ్లకద్దుకునేవారు.

కీబోర్డు చూసి మాత్రం వాళ్లకు భక్తి కలగలేదు. "ఎ పక్కన ఎస్ ఏంది టీచర్? దీన్ని ఇప్పి మల్ల బిగించినోనికి ఏబీసీడీలు రావా?" అని ఒకడు కోపంగా అడిగాడు. నేను నేర్చుకునేటప్పుడు ఆ అనుమానం నాకెందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. మాట మార్చి, నొక్కే ప్రతి అక్షరాన్నీ గట్టిగా పలకాలని కొత్త రూలు పెట్టాను. చేతికీ నోటికీ కలిపి పని చెబితే తొందరగా వస్తుందని నా నమ్మకం. నిజంగానే వచ్చింది. రెండో తరగతిలో ఒక పాప, రెండు జడలు వేసుకుని వచ్చేది, అందరికంటే ముందు తన పేరు తప్పుల్లేకుండా కొట్టేసింది.

అది చూసి కరస్పాండెంట్ సారుకు ఉత్సాహం వచ్చింది. తల్లిదండ్రుల సమావేశం పెట్టి, పిల్లల చేత వాళ్ల ముందే టైపు చేయిద్దామన్నారు. పైన పిల్లల పేరు, కింద పెద్ద అక్షరాల్లో తండ్రి పేరు. తండ్రులు తెర మీద తమ పేరు చూసుకుని మురిసిపోవాలి, వచ్చే ఏడు అడ్మిషన్లు పెరగాలి. ముఖ్య అతిథిగా ఆ తండ్రుల్లో చాలామంది పనిచేసే గని నుంచి ఒక పెద్ద ఆఫీసరును పిలిచారు.

నాకేం తక్కువ? నేనూ రెచ్చిపోయాను. ఒట్టి పేరు కాదు, ఇంటిపేరు కూడా రాయాలన్నాను. ఇంటిపేరు లేకపోతే ఒప్పుకునేది లేదని రోజూ ఊదరగొట్టాను. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు, ఆ రోజు అందరూ ఆశ్చర్యపోవాలని కూడా అన్నాను. ముందురోజు ప్రాక్టీసులో రెండు జడల పాప చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏమైంది? కొట్టవేం?"

"టీచర్, ఇంటి పేరే రాయాల్నా?"

"వారం నుంచి చెబుతున్నదేమిటి?"

"డ్యూటీ పేరు వద్దా?"

వాళ్ల నాన్న గనిలో చేసే పని గురించి అడుగుతోందనుకున్నాను. ఆయన డ్యూటీతో మనకేం పని, ఇంటిపేరే కావాలి అని కసిరాను. పాప తలూపి, అక్షరాలు పలుకుతూ కొట్టేసింది. తెర వైపు ఒకసారి చూసి, బాగుందని బుగ్గ గిల్లి, పక్క పిల్లవాడి దగ్గరికి వెళ్లిపోయాను.

సమావేశం రోజు గది కిటకిటలాడింది. ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు. చాలామంది మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తల దువ్వుకుని నేరుగా వచ్చారు. ఎంత కడిగినా పోని బొగ్గు వాళ్ల కళ్ల అంచుల్లో కాటుకలా మిగిలే ఉంది. పిల్లలు నలుగురు చొప్పున కూర్చున్నారు. ఆఫీసరు మొదటి కంప్యూటరు చూసి మెచ్చుకున్నాడు, రెండోది చూసి చప్పట్లు కొట్టాడు. మూడో దాని ముందు రెండు జడల పాప. తన పేరు కొట్టడం అయిపోయింది. కింది వరుసలో తండ్రి పేరు మొదలుపెట్టింది, నేను నేర్పినట్టే గట్టిగా, గదంతా వినబడేలా.

రెండో అక్షరం పలికిందో లేదో మగవాళ్ల వైపు నుంచి ఒకాయన లేచాడు. కూతురిని దగ్గర నుంచి చూడాలని కాబోలు అనుకున్నాను. నాలుగు అంగల్లో గది మధ్యకు వచ్చాడు. అతని కాలికి వైరు తగిలింది. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎగిరి బల్ల కింద పడింది. నాలుగు తెరలూ ఒక్కసారే చీకటైపోయాయి.

నేను నేర్చుకున్న టీచరు భాషంతా ఎగిరిపోయింది. "కండ్లు కనిపిస్తలేవా? గింత పెద్ద వైరు కాలికింద ఏసుకుంటరా? బిడ్డ చదువు మంచిగుండుడు ఇష్టం లేదా నీకు?" అని అందరి ముందూ అరిచేశాను. పాప పెదవి వణికింది. ఆయన తల వంచుకుని, "తప్పైంది టీచరమ్మా," అన్నాడు. బాక్సు వెతకడానికి నేను బల్ల కిందికి వంగితే ఆయనా వంగాడు. అక్కడ చేతులు జోడించాడు.

"కాళ్లు మొక్కుత. మా బిడ్డతోని గా పేరు కొట్టియ్యకు."

"ఏ పేరు?"

"అది నా ఇంట్ల పేరు. బాయిల వేరే పేరున్నది. నౌకరికి పిలుపొచ్చినోడు బాయిల దిగనని భయపడి పారిపోయిండు. వాని పేరు మీద నేను దిగిన. గీ సారుకు ఎరుకైతే నన్ను ఇంటికి పంపుతరు. మేం ఏం తిని బతకాలె?"

గనిని ఇక్కడ బాయి అంటారని తెలుసు. ఒక మనిషి ఇంట్లో ఒక పేరుతో, బాయిలో ఇంకొకరి పేరుతో బతుకుతాడని తెలియదు. నా చేతిలో ప్లగ్గు అలాగే ఉండిపోయింది. నేను అడిగింది వంశం పేరు. ఆ పాప విన్నది ఇంట్లో పిలిచే పేరు. డ్యూటీ పేరు వద్దా అని అది ఎంత స్పష్టంగా అడిగింది! వైరు కాలికి తట్టలేదు, కావాలనే తన్నాడు.

కరెంటు పెట్టక తప్పలేదు. సరిగా ఆపలేదని నిష్ఠూరమాడుతూ కంప్యూటర్లు నీలం తెరలతో మెల్లగా లేస్తున్నాయి. వాటికి ఎంత ఆలస్యమైతే అంత మంచిదని దండం పెట్టుకున్నాను. ఆఫీసరు మాత్రం కదల్లేదు. మంచి మనిషిలాగే ఉన్నాడు, కుర్చీ లాక్కుని పాప పక్కనే కూర్చున్నాడు.

"నీ పేరు చాలమ్మా, లే," అన్నాను.

"అదేంటి మేడం, పాపం! అందరూ నాన్న పేరు రాశారు కదా. రాయమ్మా, నేను చూస్తాను," అన్నాడు ఆఫీసరు.

పాప నా వైపు తిరిగింది. నిన్న తిట్లు తిన్న పిల్ల కదా, ఈసారి తప్పు జరగకూడదని అందరికీ వినబడేలా అడిగింది. "టీచర్, ఇంటి పేరా, డ్యూటీ పేరా?"

నేను పాప తండ్రి వైపు చూశాను. ఆయన ఒక్కడే తల వంచుకుని ఉంటాడనుకున్నాను. ఆ వరుసలోనూ, దాని వెనకాల వరుసలోనూ ఎన్నో తలలు వంగి ఉన్నాయి.

"డ్యూటీ పేరేమిటి?" అన్నాడు ఆఫీసరు, నవ్వుతూనే.

ఆడవాళ్ల వైపు నుంచి పాప తల్లి దిగ్గున లేచింది. కొంగు నడుముకు చెక్కింది.

"ఎప్పుడు జూసినా నాయిన పేరేనా సారూ? తొమ్మిది నెలలు మోసింది నేను, కన్నది నేను, పొద్దుగాల లేచి జడలేసి బడికి తోలేది నేను. పేరు ఆయనదా? నా పేరు కొట్టు బిడ్డా!"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే వెనక నుంచి ఇంకొకామె, "మా పోరడు గూడ నా పేరే కొట్టాలె," అంది. "నాది గూడ!" "మాది గూడ టీచరమ్మా!" అని అటూ ఇటూ లేచారు. తలకు దస్తీ రుమాలు కట్టుకున్న ఓ ముసలామె, మనవడి కోసం వచ్చిందట, తన పేరు కూడా ఎక్కించమని పట్టుబట్టింది. ఆఫీసరు పగలబడి నవ్వి, ఆడవాళ్ల మాట కాదంటే ఇంటికి పోలేమయ్యా అన్నాడు కరస్పాండెంట్ సారుతో.

పాప తన తల్లి పేరు కొట్టింది. ఎప్పుడూ కొట్టని పేరు, ఒక అక్షరం తప్పు పోయింది. నేను దిద్దలేదు. ఆ తర్వాత నలుగురు చొప్పున వచ్చిన పిల్లలందరూ తల్లుల పేర్లే గట్టిగా పలుకుతూ కొట్టారు. ప్రతి పేరుకూ ఆడవాళ్లు చప్పట్లు, ఈలలు. నేను గోడకు ఆనుకుని ఒక్కొక్క తల్లి ముఖమే చూశాను. ఎవరు సరదాకి అరిచారో, ఎవరు మొగుడి నౌకరి కోసం అరిచారో పోల్చుకుందామని ఎంత చూసినా చేతకాలేదు. అందరూ ఒకేలా నవ్వుతున్నారు. ఎవరు ఎందుకు అరిచారో ఎవరికీ తెలియకూడదనే అంతమందీ నవ్వుతున్నారని అర్థమయ్యాక నేనూ వాళ్లతో కలిసి చప్పట్లు కొట్టాను.